మంచం పట్టినవారిని చూసుకుంటున్నవారు తమ మనసును నిలబెట్టుకోవడం ఎలా? దశలవారీ మార్గదర్శి

ఇంట్లో మంచం పట్టిన మనిషిని చూసుకుంటున్నవారు నన్ను మందుల గురించి అడగడం తక్కువ. “కోపం ఆగడం లేదు, అరిచేస్తున్నాను, తర్వాత ఏడుపొస్తోంది, ఏం చేయాలి?” అనే ఎక్కువమంది అడుగుతారు. పక్షవాతంతో కుడివైపు పడిపోయిన మా అత్తగారిని హైదరాబాద్ మల్కాజ్‌గిరిలోని మా ఇంట్లో అయిదేళ్లు చూసుకున్నాను. ఆ అనుభవంతోనూ, ఆ రోజుల్లో మానసిక వైద్యుల దగ్గర నేర్చుకున్న పద్ధతులతోనూ ఈ వివరాలు రాస్తున్నాను.

దయచేసి ఇక్కడి వరుసను మార్చకండి. చాలామంది ధ్యానంతోనో మంచిమాటలతోనో మొదలుపెట్టి, వారం తిరగకుండానే ‘నావల్ల కాదు’ అని వదిలేస్తారు. నిద్ర కరువైన మనిషికి ఏ మాటా తలకెక్కదు. అందుకే ముందు లెక్క, తర్వాత నిద్ర, ఆ తర్వాతే మనసు సంగతి. మొత్తం నాలుగు వారాల పని.

1. ముందుగా ఒక వారం లెక్క రాయండి

ఒక నోటుపుస్తకం, దారంతో కట్టిన పెన్ను మందుల డబ్బా పక్కన పెట్టండి. ఫోనులో రాయవద్దు. అర్ధరాత్రి ఫోను తీస్తే వాట్సాప్ చూడకుండా ఉండలేము, ఉన్న కాస్త నిద్రా పోతుంది.

రోజూ రాయవలసినవి:

☐ రాత్రి ఎన్నిసార్లు లేచారు, ఏ సమయానికి, ఎందుకు
☐ ఒకే విడతలో ఎక్కువసేపు ఎంత పడుకున్నారు
☐ కూర్చొని తిన్న భోజనాలు ఎన్ని, నిలబడి తిన్నవి ఎన్ని
☐ కోపం లేదా ఏడుపు వచ్చిన సమయం, దానికి సరిగ్గా ముందు జరిగిన పని
☐ ఆ రోజు మీ మందులు మీరు వేసుకున్నారా

నా పుస్తకంలో ఒక రోజు ఇలా ఉంది: “1:20 పక్క తడిసింది. 2:50 నీళ్లు. 4:10 మళ్లీ తడిసింది, అరిచాను. మధ్యాహ్నం 3:30కి నిలబడి తిన్నాను.” ఏడు రోజులు గడిచాక వెనక్కి తిప్పి చూస్తే, నా కోపమంతా రెండు వేళల్లోనే ఉంది. ఒకటి తెల్లవారుజామున నాలుగు ప్రాంతం, రెండోది వంట, డైపర్ మార్చడం, పిల్లవాడి ట్యూషన్ అన్నీ ఒకేసారి మీద పడే సాయంత్రం ఆరు, ఏడు గంటల మధ్య. అప్పటివరకూ నా స్వభావమే చెడ్డదనుకున్నాను. ఆ పుస్తకం చూశాక, మార్చవలసినవి ఆ రెండు వేళలని తెలిసింది.

ఇక్కడ తరచుగా జరిగే పొరపాటు, లెక్క బదులు తీర్పు రాయడం. “మళ్లీ రాక్షసిలా ప్రవర్తించాను” అని రాస్తే దాన్ని సరిదిద్దే దారి కనబడదు. “4:10కి అరిచాను” అని రాస్తే కనబడుతుంది.

కొంచెం పద్ధతిగా కొలుచుకోవాలనుకునేవారి కోసం, రోగిని చూసుకునేవారి మీద పడే భారాన్ని కొలిచే జారిట్ ప్రశ్నావళి ఉంది. 1980లో మొదట తయారైన దీనిలో ఇప్పుడు ఎక్కువగా వాడే రూపానికి 22 ప్రశ్నలు; ఒక్కొక్క దానికి 0 నుంచి 4 వరకు మార్కులు వేసుకోవాలి. మానసిక వైద్యులను గానీ, ఆసుపత్రిలోని కౌన్సెలర్‌ను గానీ అడిగితే చేయిస్తారు. ఇది లేకపోయినా నోటుపుస్తకంతో పని జరుగుతుంది.

2. రాత్రిని పంచుకోండి

కదలలేని మనిషికి ఒంటికి పుండ్లు పడకుండా సుమారు రెండు గంటలకొకసారి పక్క మార్చాలని వైద్యులు చెబుతారు. ఈ పని ఒక్కరి మీదే పడితే ఆ ఒక్కరికి రాత్రంతా ముక్కల నిద్రే మిగులుతుంది. మీ మొదటి లక్ష్యం ఒకే విడతలో కనీసం నాలుగు గంటలు నిద్రపోవడం. అంతకుమించి ఇప్పుడే ఆశించవద్దు.

మొదట డాక్టరును రెండు ప్రశ్నలు అడగండి. గాలి పరుపు వాడితే రాత్రివేళ పక్క మార్చే వ్యవధిని పెంచవచ్చా? మూత్రం ఎక్కువగా వచ్చే మాత్ర ఏదైనా రాత్రి వేస్తుంటే దాన్ని ఉదయానికి మార్చవచ్చా? ఈ రెండింటినీ మీకు మీరుగా మార్చకూడదు, కానీ అడగకపోతే ఎవరూ చెప్పరు. మా అత్తగారి మాత్రను ఉదయానికి మార్చాక రాత్రి పక్క తడవడం సగానికి తగ్గింది.

తర్వాత రాత్రిని రెండు భాగాలు చేయండి. మా ఇంట్లో పది నుంచి రెండు వరకు మా వారు, రెండు నుంచి ఆరు వరకు నేను చూసుకునేవాళ్లం. తల్లికి బట్టలు మార్చడానికి కొడుకు మొహమాటపడతాడు, తల్లి అంతకంటే ఎక్కువ సిగ్గుపడుతుంది. దీనికి కోపగించుకుంటే ఫలితం ఉండదు. నేను 9:45కి డైపర్ మార్చి పడుకునేదాన్ని. పక్క మార్చడం, నీళ్లు తాగించడం ఆయన పని, డైపర్ మార్చవలసి వస్తేనే నన్ను లేపాలని మాట. నాలుగు రాత్రుల్లో మూడు రాత్రులు లేపే అవసరం రాలేదు.

ఒంటరిగా చూసుకుంటున్నవారు ఆ నాలుగు గంటలు పగలు వెతుక్కోవాలి. మధ్యాహ్నం ఒక మనిషిని కూర్చోబెట్టి మీరు వేరే గదిలో తలుపు వేసుకొని పడుకోండి. ఆ సమయంలో గిన్నెలు తోమవద్దు. లేదా వారంలో రెండు రాత్రులకు అటెండెంట్‌ను పెట్టుకోండి. ప్రతిరోజూ పెట్టుకునే స్తోమత లేదని పూర్తిగా మానేసే కంటే ఆ రెండు రాత్రులు చాలా మేలు చేస్తాయి.

మీ బీపీ, థైరాయిడ్ మాత్రలను వారి మందుల డబ్బాలోనే ఒక అర చేసి పెట్టండి. వారివి మరచిపోము కాబట్టి మనవీ గుర్తుంటాయి.

3. మీతో మీరు మాట్లాడుకునే తీరు మార్చండి

అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త క్రిస్టిన్ నెఫ్ 2003లో స్వీయకరుణను మూడు భాగాలుగా వివరించారు: తన పట్ల తనకు దయ, ఈ కష్టం మనుషులందరికీ వచ్చేదేనన్న ఎరుక, బాధను పెంచకుండా తుంచకుండా ఉన్నది ఉన్నట్టు చూడటం. నా అభిప్రాయంలో మనవాళ్లు చివరిదానితో మొదలుపెట్టాలి. దయగా మాట్లాడుకోమంటే మనకు గొంతులో ఏదో అడ్డుపడినట్టుంటుంది, ఉన్నమాట చెప్పుకోమంటే చెప్పుకోగలం.

మొదటి వాక్యం, ఉన్నది ఉన్నట్టు: “నడుము లాగేస్తోంది. విసుగ్గా ఉంది.” ఇక్కడ ‘నా ఖర్మ’ అని చేర్చవద్దు.

రెండో వాక్యం, అందరిలో ఒకరిగా: “ఈ వేళకు నాలాగే మేలుకొని ఉన్నవాళ్లు ఈ ఊళ్లో చాలామంది ఉన్నారు.” గాంధీ, ఉస్మానియా ఆసుపత్రుల ఆవరణలో దుప్పటి పరచుకొని పడుకునే రోగుల బంధువులను చూసినవారికి ఇది ఊహ కాదని తెలుసు. తెల్లవారుజామున ఎదుటి అపార్ట్‌మెంట్‌లో ఒక వంటింటి లైటు వెలిగి ఉండేది. అక్కడ ఎవరున్నారో, ఎందుకు లేచారో నాకు ఎప్పటికీ తెలియలేదు గానీ, ఆ లైటు కనబడిన రోజు నా ఒంటరితనం కొంత తగ్గేది.

మూడో వాక్యం, దయ: “ఇప్పుడు నీకేం కావాలి?” జవాబు ఎప్పుడూ చిన్నదై ఉండాలి. గ్లాసు మంచినీళ్లు, అయిదు నిమిషాలు కూర్చోవడం, కిటికీ తీయడం వంటివి.

ఈ మూడూ నోటికి రావాలంటే ముందు రాసి చూడాలి. నోటుపుస్తకంలో ఒక పేజీని నిలువుగా రెండుగా చేయండి. ఎడమవైపు, తప్పు జరిగినప్పుడు మిమ్మల్ని మీరు తిట్టుకున్న మాటలను అచ్చంగా రాయండి. కుడివైపు, అదే తప్పు మీ చెల్లెలు చేసి మీకు ఫోను చేసి ఏడిస్తే ఏమంటారో రాయండి. నా ఎడమవైపు ఇలా ఉంది: “పెద్దావిడ మీద అరుస్తావా? నీకు మనసు అనేది లేదు.” కుడివైపు ఇలా వచ్చింది: “పొద్దుటినుంచి ఏమైనా తిన్నావా లేదా? ముందు కూర్చో. అరిచినందుకు తర్వాత అత్తమ్మకు చెప్పుకుందువుగాని.” రెండో మాటలోనూ తప్పును తప్పనే ఒప్పుకున్నాను, కానీ మనిషిని వదిలేయలేదు. ఆ కుడివైపు మాటలను మీ ఇంటి యాసలోనే రాయండి, పుస్తకాల భాషలో రాస్తే అవసరానికి గుర్తురావు.

జాగ్రత్తపడవలసిన విషయం ఒకటి ఉంది. ‘పరవాలేదు, అంతా మంచికే’ అన్న మాటను ఈ పద్ధతిలోకి రానివ్వకండి. అది బాధ మీద గుడ్డ కప్పుతుంది.

ఊపిరి సాధన గురించి రెండు ముక్కలు చాలు. నాలుగు లెక్కపెడుతూ పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి, ఇలా పదిసార్లు చేయండి. మందులు ఇచ్చే ముందు చేస్తే అలవాటవుతుంది.

4. కోపం హద్దు దాటినప్పుడు

ఇది ఎక్కువమంది దాచుకునే విషయం కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ఒక తెల్లవారుజామున నాలుగోసారి పక్క తడిసింది. ఆవిడను పక్కకు తిప్పుతూ మణికట్టు గట్టిగా పట్టుకున్నాను. ముసలితనంలో చర్మం ఉల్లిపొరలా ఉంటుంది. వదిలేసరికి నా మూడు వేళ్లు అక్కడ ఎర్రగా అచ్చుపడ్డాయి. ఆవిడ ఒక్క మాట అనలేదు. పనిచేసే ఎడమ చేత్తో ఆ చోటును నెమ్మదిగా రుద్దుకున్నారు. ఆ తర్వాత రెండు రోజులు నేను సరిగా తినలేదు. తినకపోవడం వల్ల ఆవిడకు ఏ మేలూ జరగలేదు, మూడో రోజు నా ఓపిక ఇంకా తగ్గింది. నన్ను నేను శిక్షించుకున్నంతకాలం ఆ రాత్రి ఎందుకు అలా జరిగిందో ఆలోచించనేలేదు.

ఆ క్షణంలో చేయవలసినవి, ఇదే వరుసలో:

☐ వెంటనే చేతులు తీసేయండి
☐ మంచం కమ్మీ పైకి ఉందా, ముఖం దిండులో కూరుకుపోయిందా, ట్యూబు ఏదైనా లాగుతోందా చూడండి
☐ “రెండు నిమిషాల్లో వస్తాను” అని చెప్పి గది దాటండి. చెప్పకుండా వెళితే వారు భయపడతారు
☐ ముఖం కడుక్కోండి, నీళ్లు తాగండి, ఫోను ముట్టుకోకండి
☐ తిరిగి వచ్చి ఆగిన పని పూర్తిచేయండి. తడి పక్క మీద తెల్లవార్లూ వదిలేయకూడదు

పని పూర్తయ్యాక క్షమాపణ చెప్పండి. మూడు చిన్న వాక్యాలు చాలు: “అత్తమ్మా, ఇందాక చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. తప్పు నాదే. ఇప్పటినుంచి మెల్లగా తిప్పుతాను.” పెద్దవారికి క్షమాపణ చెప్పడం మన ఇళ్లలో అలవాటు లేని పని; మొదటిసారి నా గొంతు పెగల్లేదు. అయినా నోటితోనే చెప్పాలి. మరునాడు ఇష్టమైన కూర వండిపెట్టడం దానికి బదులు కాలేదు.

క్షమాపణలో చేయకూడనివి రెండు ఉన్నాయి. “మీరు అన్నిసార్లు పిలవబట్టే” అంటూ కారణం వారి మీద వేయకూడదు. వారి ముందు వెక్కివెక్కి ఏడ్చి, మంచంలో ఉన్న మనిషి చేత మనల్ని ఓదార్పించుకోకూడదు. మతిమరుపు వ్యాధి ఉన్నవారికి జరిగింది గుర్తుండకపోవచ్చు గానీ, భయం మాత్రం కొంతసేపు ఉంటుంది, కాబట్టి వారికీ అదే మెత్తని గొంతుతో చెప్పండి.

తర్వాత నోటుపుస్తకం తెరిచి సమయం, దానికి ముందు జరిగినది, మార్చగలిగినది ఒక్కటి రాయండి. ఆ రాత్రి లెక్క చూశాకే నేను డాక్టరును మాత్ర గురించి అడిగాను. రాత్రి తొమ్మిదికి ఇచ్చే టీని సాయంత్రం ఆరుకు జరపడమూ అప్పుడే మొదలైంది.

ఒక గీత మాత్రం స్పష్టంగా గీసుకోండి. కొట్టడం, మంచానికి కట్టేయడం, కావాలని తిండి లేదా నీళ్లు ఆపడం జరిగితే, లేదా చెయ్యి కఠినంగా పడటం మళ్లీ మళ్లీ జరుగుతుంటే, ఆ రోజే ఇంకొక మనిషికి చెప్పండి. ఆ రాత్రి వారి దగ్గర మీరు ఒంటరిగా ఉండవద్దు. మిమ్మల్ని ఎవరో తప్పుపడతారని దాచిపెడితే, ఆ దెబ్బ తగిలేది నోరెత్తలేని మనిషికి.

5. సాయాన్ని పనిగా విడగొట్టి అడగండి

“ఏదైనా కావాలంటే చెప్పమ్మా” అనేవారు చాలామంది ఉంటారు. వారిలో చాలామందికి నిజంగానే ఏం చేయాలో తెలియదు. మనం “మీ అందరి ఆశీర్వాదం” అని ఊరుకుంటాము. ఆ మాట ఆపేసి, ముందుగా పనుల పట్టీ తయారుచేసుకోండి.

☐ ఆసుపత్రిలో ఓపీ చీటీ కోసం ఉదయాన్నే క్యూలో నిలబడటం
☐ నెలకు సరిపడా డైపర్లు, మందులు తెచ్చిపెట్టడం
☐ ఆదివారం సాయంత్రం నాలుగు నుంచి ఏడు వరకు మంచం పక్కన కూర్చోవడం
☐ కరెంటు బిల్లు, గ్యాస్ వంటి పనులు
☐ పిల్లలను ట్యూషన్ నుంచి తీసుకురావడం

అడిగేటప్పుడు మనిషి, పని, సమయం మూడూ చెప్పండి. వరంగల్‌లో ఉండే మా వదిన, అంటే అత్తగారి పెద్ద కూతురు, రోజూ ఫోను చేసి ఇది పెట్టావా, అది రాశావా అని అడిగేది. నేను లోలోపల ఉడికిపోయేదాన్ని. ఒకరోజు ఇలా అన్నాను: “వదినా, నెలలో రెండో శనివారం, ఆదివారం నువ్వు వచ్చి అత్తమ్మ దగ్గర పడుకుంటావా? ఆ రెండు రాత్రులు నేను మా అమ్మ దగ్గరికి వెళ్లొస్తాను.” మొదటి నెల కుదరదంది. రెండో నెల వచ్చింది. ఒక రాత్రి మేలుకున్న తర్వాత ఆమె ఫోనులో సలహాలు ఇవ్వడం తగ్గించి, నేను తిన్నానా అని అడగడం మొదలుపెట్టింది.

విదేశాల్లో ఉన్న తోబుట్టువుల నుంచి రెండు పనులు అడగవచ్చు: రాత్రి అటెండెంట్‌కు అయ్యే ఖర్చు, రోజూ ఒకే సమయానికి అరగంట వీడియో కాల్. వారు మాట్లాడే ఆ అరగంట మీరు మేడ మీదకో వీధి చివరి వరకో నడిచి రండి. పరామర్శకు వచ్చి ఆకుల రసాల గురించి చెప్పేవారితో వాదించవద్దు, “డాక్టరుగారిని అడిగి చూస్తాను” అన్న ఒక్క మాటతో ఆ సంభాషణ మర్యాదగా ముగుస్తుంది.

బ్యూరో నుంచి అటెండెంట్‌ను తెచ్చుకునేవారు మొదటి రెండు రోజులు పక్కనే ఉండి, పక్క మార్చే వేళలు, మందులు, వారికి ఇష్టంలేనివి ఒక కాగితం మీద రాసి గోడకు అంటించండి. డబ్బిచ్చి మనిషిని పెట్టుకున్నాక ‘నేను చేయాల్సింది ఇంకొకరితో చేయిస్తున్నాను’ అన్న బాధ తప్పకుండా వస్తుంది. ఆ బాధ వచ్చినంత మాత్రాన ఆ మనిషిని మాన్పించకండి.

6. నోటితో చెప్పుకోలేని ఆలోచనలు

‘ఇక చాలు, తీసుకెళ్లిపో స్వామీ’ అన్న ఆలోచన చాలాకాలం సేవచేసేవారికి ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. నాకు చిలకలగూడ దగ్గర ఆటోలో, మందుల సంచి ఒడిలో పెట్టుకొని ఉన్నప్పుడు వచ్చింది. వచ్చిన వెంటనే వణికిపోయాను. తర్వాత డాక్టరుగారు వివరించారు: వారి బాధా మన అలసటా ముగియాలన్న కోరిక అది, ఆ మనిషి మీద ద్వేషం కానక్కరలేదు. అయితే ఆ ఆలోచన పని రూపం తీసుకుంటుంటే, మాత్రలు ఎక్కువ వేయాలనో మీరూ చనిపోవాలనో అనిపిస్తుంటే, ఒక్క గంట కూడా ఆలస్యం చేయకుండా కింది 7వ భాగానికి వెళ్లండి.

రెండో రకం బాధ, మనిషి ఎదురుగా ఉండగానే పోగొట్టుకోవడం. అమెరికన్ పరిశోధకురాలు పౌలీన్ బాస్ 1970లలోనే దీనికి ‘యాంబిగ్యువస్ లాస్’ అని పేరు పెట్టారు. తెలుగులో ‘తేలని నష్టం’ అనుకోవచ్చు. చనిపోతే పదిమంది వస్తారు, పదకొండో రోజు, పన్నెండో రోజు అంటూ దుఃఖానికి ఒక వరుస ఉంటుంది. మాట పోయిన అత్తగారి కోసం, పేరు మరచిపోయిన నాన్న కోసం ఎవరూ పరామర్శకు రారు. ఆ దుఃఖం విసుగు రూపంలో బయటికి వస్తుంది.

దీనికి చేయగలిగింది ఒకటుంది. పోయినవి ఒకవైపు, ఉన్నవి ఒకవైపు రాయండి. నా పట్టీలో పోయినవి: ఆవిడ పెట్టే ఆవకాయ, నా మీద చేసే ఫిర్యాదులు, పిల్లవాడికి చెప్పే కథలు. ఉన్నవి: తల దువ్వుతుంటే కళ్లు మూసుకోవడం, బోనాల డప్పు వినబడితే ఎడమ చెయ్యి మంచం మీద ఆడించడం. పోయినవాటి కోసం ఏడవండి. ఉన్నవాటిలో ఒకదాన్ని రోజూ పది నిమిషాలు చేయండి.

7. వైద్యులను ఎప్పుడు కలవాలి

☐ దిగులు లేదా దేనిమీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలకు పైగా రోజూ ఉంటే
☐ అవకాశం దొరికినా నిద్ర పట్టకపోతే
☐ నిద్రకోసం మద్యం లేదా మాత్రలు మొదలైతే
☐ చనిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా

14416 టెలి మానస్ నంబరు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన ఈ ఉచిత సేవ రాత్రింబగళ్లు పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. ప్రమాదం కళ్ల ముందే ఉంటే 112కు లేదా 108కి చేయండి. వృద్ధుల సంరక్షణ, ఆశ్రమాలు, చట్టపరమైన సందేహాలకు 14567 ఉంది. నేరుగా కలవాలంటే హైదరాబాద్ ఎర్రగడ్డలోని ప్రభుత్వ మానసిక చికిత్సాలయంలోనూ, గాంధీ, ఉస్మానియా ఆసుపత్రుల్లోనూ మానసిక వైద్యుల ఓపీ ఉంటుంది. ఎర్రగడ్డ పేరు వినగానే వెనక్కి తగ్గవద్దు. అక్కడ ఓపీలో మీలాగే నిద్రలేక, దిగులుతో వచ్చినవారు ఉంటారు. క్యాన్సర్ రోగిని చూసుకుంటున్నవారు రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ఆసుపత్రి ఉపశమన చికిత్స విభాగాన్ని అడగండి, రోగి నొప్పి తగ్గితే మీ రాత్రి కూడా మారుతుంది.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు నోటుపుస్తకం తీసుకెళ్లండి. “బాగానే ఉన్నానండీ” అని అలవాటుగా అనేస్తాము, ఆ పుస్తకం నిజం చెబుతుంది.

8. నాలుగో వారం చివర సరిచూసుకోండి

మొదటి వారం పేజీలను, ఈ వారం పేజీలను పక్కపక్కన పెట్టి చూడండి. కోపం పూర్తిగా పోయిందా అని వెతకకండి. కింది మూడింటినే చూడండి.

☐ ఒకే విడతలో నాలుగు గంటలు నిద్రపోయిన రాత్రులు పెరిగాయా
☐ నోరు జారాక క్షమాపణ చెప్పడానికి పట్టే సమయం తగ్గిందా
☐ ఈ నెలలో కనీసం ఒక్కరిని, ఒక్క పని, సమయంతో సహా అడిగారా

నిద్ర సంఖ్య కదలకపోతే మూడో భాగంలోని మాటలను ఇంకా గట్టిగా సాధన చేయవద్దు. రెండో భాగానికీ అయిదో భాగానికీ తిరిగి వెళ్లి, రాత్రికి ఇంకొక మనిషిని వెతకండి. నిద్ర కుదిరినా తిట్టుకోవడం తగ్గకపోతే, ఎడమ కుడి పేజీని మళ్లీ రాసి, ఈసారి కుడివైపు మాటలను మీ చెల్లెలికో స్నేహితురాలికో ఫోనులో చదివి వినిపించండి. ఆమె మార్చమన్న మాట ఏదైనా ఉంటే, ఆ మాటను అక్కడ మార్చి రాయండి.